చెన్నపట్నం ట్రాము, గోదావరి పంటు, నైజాం బస్సు: ఈ మూడు పాత ఫోటోల కాలం తేల్చడం ఎలా?

కొవ్వూరు వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు కలప వ్యాపారం మీద చెన్నపట్నం, రాజమండ్రి, హైదరాబాదు ఊళ్ల మధ్య తరచుగా తిరిగేవారు. ఆయన దాచిన ఆల్బములో ప్రయాణాలకు సంబంధించిన ఫోటోలు మూడు ఉన్నాయి. ఇవన్నీ 1905 ప్రాంతం నాటివని మా ఇంట్లో అందరూ చెబుతూ వచ్చారు, ఆల్బము అట్ట మీద కూడా ఎవరో అదే సంవత్సరం వేశారు. ఇప్పుడు వీటిని మా పిల్లలకు అప్పగించే ముందు, వాటి కింద రాసే మాట నిజమై ఉండాలన్న కోరికతో మీ ముందు పెడుతున్నాను.

మొదటిది పోస్టుకార్డు. వెనుక సగభాగం చిరునామాకు, సగభాగం ఉత్తరానికి విడదీసి గీత ఉంది. పై మూలలో తపాలా బిళ్ల చింపేసిన గుర్తు, సిరాతో "చెన్నపట్నం" అన్న మాట తప్ప మరేమీ లేవు. ముందువైపు విశాలమైన రోడ్డు, మధ్యలో ఒక ట్రాము, పక్కన రెండు జట్కాలు, వెనుక మధ్యభాగంలో గడియారం గోపురంతో పొడవైన తెల్లని భవనం కనిపిస్తాయి. పైన విద్యుత్తు తీగ అన్నది ఎక్కడా లేదు. మదరాసులో తొలినాళ్ల ట్రాములకు కరెంటు భూమిలోపలి నుంచి అందేదని విన్నాను కనుక, ఇది ఆ తొలినాటి ఫోటోయే అయి ఉంటుందని నా ఊహ.

రెండవది గోదావరి. పంటు మీద ఒక మోటారు కారు, దాని చుట్టూ గడలు పట్టుకొని నిలబడ్డ అయిదారుగురు పడవవాళ్లు, కారు పక్కన కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, దూరంగా సన్నని గీతలాగా రైలు వంతెన ఉన్నాయి. మూడవ ఫోటోలో ఒక బస్సు ఉంది. దాని పక్కభాగం మీద ఆంగ్లంలోనూ ఉర్దూలోనూ అక్షరాలున్నాయి, నంబరు పలక మీద జెడ్ అక్షరం ఉంది, వెనుక భాగాన నిలువుగా ఒక పెద్ద ఇనుప పీపా వంటిది బిగించి ఉంది.

ఈ మూడూ ఒకే కాలానివేనా? కాకపోతే, ఫోటోలో దేనిని చూసి సంవత్సరాన్ని అంచనా వేయాలి? పెద్దల మాటను తేలికగా కొట్టివేయడం నాకు ఇష్టం లేదు, కానీ ఊహను చరిత్రగా రాసిపెట్టడం అంతకన్నా ఇష్టం లేదు.

పట్టాల పరిశీలకుడు

నమస్కారం అండీ. మొదటి ఫోటో గురించి మీరు చెప్పిన వివరాలలో రెండు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. అందువల్లనే ఈ కార్డు నన్ను బాగా ఆకర్షించింది.

మదరాసులో విద్యుత్ ట్రాము 1895 మే 7న మొదలైంది. భారతదేశంలో విద్యుత్తుతో నడిచిన మొదటి ట్రాముగా దానిని పరిగణిస్తారు. కలకత్తాలో 1873లోనూ బొంబాయిలో 1874లోనూ గుర్రపు ట్రాములు వచ్చినా, ఆ రెండు నగరాలు విద్యుత్తుకు మారింది మాత్రం 1902లో, 1907లో. మీరు విన్న భూగర్భ కరెంటు సంగతి కూడా నిజమే. మొదట్లో పట్టాల నడుమ నేలలోపల ఒక కాలువ వంటి మార్గం కట్టి, అందులోని తీగ నుంచి బండికి విద్యుత్తు అందేలా ఏర్పాటు చేశారు. అయితే చెన్నపట్నం వానలకు ఆ కాలువ నీటితో నిండిపోయి పదేపదే పాడవడంతో ఆ పద్ధతిని వదిలిపెట్టి, పైన తీగలు కట్టి, బండి కప్పు మీద నుంచి లేచిన కడ్డీతో విద్యుత్తును అందుకునే పద్ధతికి మారారు. ఈ లెక్కన తీగ లేని ఫోటో తొలినాళ్లదన్న మీ ఊహకు ఆధారం లేకపోలేదు.

అయితే వెనుక కనిపించే భవనం అందుకు ఒప్పుకోదు. గడియారం గోపురంతో ఉన్న తెల్లని పొడవైన భవనం, దాని ముందు ట్రాము పట్టాలు అంటే అది రిప్పన్ భవనమే కావాలి. చెన్నపట్నం పురపాలక సంఘానికి కార్యాలయంగా సెంట్రల్ స్టేషను పక్కన కట్టిన ఆ భవనం పని 1909లో మొదలై 1913లో పూర్తయింది. కనుక ఈ ఫోటో 1905 నాటిది కావడానికి వీలులేదు, 1913 లేదా ఆ తరువాతిదే.

మరి తీగ ఏమైంది? ఆ కాలపు పోస్టుకార్డు ప్రచురణకర్తలు అచ్చువేసే ముందు చిత్రానికి మెరుగులు దిద్దేవారు. ఆకాశానికి అడ్డంగా కనిపించే తీగలను, కొన్నిసార్లు స్తంభాలను కూడా కుంచెతో చెరిపివేయడం సర్వసాధారణం. ఖాళీగా ఉన్న చోట మనుషులను చేర్చడం, నలుపు తెలుపు చిత్రానికి తమకు తోచిన రంగులు వేయడం కూడా ఉండేవి. మీరు ఒక పని చేయండి. మంచి భూతద్దం తీసుకొని ట్రాము కప్పును పరిశీలించండి. అక్కడ వెనుకకు వాలిన ఒక సన్నని కడ్డీ పైకి లేచి, దేనినీ తాకకుండా ఆకాశంలో ముగిసిపోతే, తీగను చెరిపేసిన చేయి కడ్డీని మరచిపోయిందని అర్థం. భూగర్భ కరెంటుతో నడిచే బండికి ఆ కడ్డీ అవసరమే లేదు.

వెనుక ఉన్న గీత కూడా పనికివస్తుంది. మొదట్లో పోస్టుకార్డు వెనుకభాగం అంతా చిరునామాకే కేటాయించి ఉండేది, ఉత్తరాన్ని బొమ్మ వైపున మిగిలిన ఖాళీలో ఇరికించి రాసుకొనేవారు. వెనుకభాగాన్ని గీతతో రెండుగా విడదీయడానికి బ్రిటన్‌లో 1902లో అనుమతి ఇచ్చారు, ఆ పద్ధతి ఆ తరువాతి సంవత్సరాలలో మిగతా చోట్లకూ వ్యాపించింది. మీ కార్డుకు గీత ఉంది కనుక అది 1895 నాటిది కావడానికి అవకాశం అసలే లేదు.

ఇక చివరి హద్దు తేలికగానే దొరుకుతుంది. 1921 ప్రాంతంలో ఉచ్చదశలో ఉన్న ఆ ట్రాము వ్యవస్థ తరువాత నష్టాలలో కూరుకుపోయి, చివరకు 1953 ఏప్రిల్‌లో నిలిచిపోయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అదే సంవత్సరం అక్టోబరు 1న. అంటే 1895 నుంచి, చెన్నపట్నం మన ఉమ్మడి రాజధానిగా ఉన్నంతకాలమూ, చివరి కొద్ది నెలలు తప్ప, ఆ పట్టాల మీద ట్రాము తిరుగుతూనే ఉంది. చదువుకు, కోర్టు పనికి, పత్రికలలో ఉద్యోగానికి వెళ్లిన తెలుగువారు ఎందరో దానిలో ప్రయాణం చేసినవారే. అందుకే ఈ ఫోటోను పొరుగువారి చరిత్రగా నేను చూడలేను.

ఫోటోలోని మిగతా బండ్లను కూడా గమనించండి. రోడ్డు మీద జట్కాలు తప్ప ఒక్క మోటారు కారూ లేకపోతే 1920 లోపల అని ఊహించవచ్చు కాని, దానిని రుజువుగా మాత్రం తీసుకోకండి. మదరాసులో 1900 తొలి సంవత్సరాలలోనే కార్లు కనిపించాయి. నగరంలో నమోదైన మొదటి కారు, ఎం.సి. 1 అన్న సంఖ్య గలది, సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ గారిదని చెబుతారు. తరువాతి కాలంలో గణితవేత్త రామానుజన్ గుమాస్తాగా పనిచేసిన పోర్టు ట్రస్టుకు అధ్యక్షుడు ఆయనే. అయినప్పటికీ చాలా ఏళ్ల పాటు సామాన్యుని బండి జట్కాయే, 1930 నాటి ఫోటోలలో సైతం జట్కాలు మాత్రమే కనిపించే వీధులు ఎన్నో ఉన్నాయి.

లంక పొలాల రైతు

కొవ్వూరు వాసి గారికి నమస్కారం. మాది గోదావరి ఒడ్డే కనుక రెండవ ఫోటో గురించి నాకు తెలిసినది రాస్తాను.

ముందుగా వంతెన. మీ ఫోటోలో దూరంగా ఉన్నది ఇనుప దూలాలతో తిన్నగా సాగిపోయే వంతెన అయితే అది హేవలాక్ వంతెన. 1897లో పని మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. ఇంజనీరు గ్రాన్విల్ వాల్టన్ ఆధ్వర్యంలో రాతి స్తంభాల మీద 56 ఖానాలుగా కట్టిన ఆ వంతెన మీద 1997 వరకు రైళ్లు నడిచాయి. ఇప్పటి ఫోటోలన్నింటిలో కనిపించే కాంక్రీటు కమానుల వంతెన చాలా తరువాతిది, రోడ్డు, రైలు రెండూ ఉన్న వంతెన 1974 నాటిది. ఈ రెండింటిలో ఏదీ లేకుండా హేవలాక్ ఒక్కటే కనిపిస్తే ఫోటో 1900కు తరువాతది, 1974 వంతెన పనులు మొదలు కావడానికి ముందుది అవుతుంది.

వంతెన ఉండగా కారును పంటు మీద ఎందుకు ఎక్కించారని చాలామంది యువకులు అడుగుతారు. హేవలాక్ వంతెన రైలుకు మాత్రమే, దాని మీద బండ్లు వెళ్లే దారి లేదు. చెన్నపట్నం నుంచి కలకత్తా వెళ్లే పెద్ద రోడ్డు బెజవాడ దగ్గర కృష్ణలోనూ, కొవ్వూరు దగ్గర గోదావరిలోనూ తెగిపోయేది. కృష్ణ మీద 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయి రోడ్డు కలిసింది, గోదావరికి ఆ భాగ్యం 1974లో గాని కలగలేదు. అంతవరకు రాజమండ్రి, కొవ్వూరు రేవుల మధ్య మనుషులకు స్టీమరు, లాంచీ, నాటుపడవ ఆధారం కాగా కార్లకు, లారీలకు, ఎడ్లబండ్లకు పంటే ఆధారం.

పంటు అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. రెండు పెద్ద పడవలను కొంత ఎడంగా పక్కపక్కనే నిలిపి, వాటిని దుంగలతో గట్టిగా బంధించి, పైన దళసరి పలకలు పరుస్తారు. ఒడ్డు నుంచి దాని మీదకు రెండు బలమైన బల్లలు వేసి, చక్రాలు సరిగ్గా వాటి మీదే నడిచేలా కారును అంగుళం అంగుళంగా ఎక్కించి, చక్రాల కింద దిమ్మలు పెట్టి కదలకుండా చేస్తారు. లోతు తక్కువగా ఉన్న చోట గడలు వేసి తోసేవారు, లోతు ఎక్కువైన చోట తెడ్లు వాడేవారు లేదా లాంచీ లాక్కుపోయేది. ఏటి పోటు బలంగా ఉన్నప్పుడు నేరుగా అవతలి రేవుకు గురిపెడితే ఎక్కడో దిగువన తేలుతారు. అందువల్ల ముందు ఒడ్డు వెంబడే ఎగువకు చాలా దూరం వెళ్లి, అక్కడి నుంచి పంటును ప్రవాహానికి ఏటవాలుగా వదిలి, నీరే దానిని అవతలి రేవుకు చేర్చేలా నడిపేవారు. ఎంత ఎగువకు వెళ్లాలో ఆనాటి నీటి రంగును, వేగాన్ని చూసి నిర్ణయించేది అనుభవం గల పడవవాడే. ఆ విద్యను ఎక్కడా రాసిపెట్టలేదు.

ఫోటోలో నీరు ఎలా ఉందో చూడండి. ఒడ్డున ఇసుక మేటలు విశాలంగా కనిపిస్తే అది వేసవి. ఆ రోజులలో రేవు అసలు ఒడ్డును వదిలి నీళ్లు ఉన్న చోటికి జరిగిపోయేది, కార్లు ఇసుకలో కూరుకుపోకుండా దారి పొడవునా తాటాకులు పరిచేవారని మా పెద్దలు చెప్పేవారు. నీరు గట్టును తాకుతూ మట్టిరంగుగా ఉంటే శ్రావణ భాద్రపదాల వరద కాలం, అప్పుడు కారును పంటు ఎక్కించడానికి ఎవరూ సాహసించరు. కాబట్టి మీ ఫోటో సంక్రాంతికీ తొలకరికీ మధ్య తీసినదై ఉండవచ్చు.

మరొక్క విన్నపం. ఇటువంటి ఫోటోల కింద ఎప్పుడూ కారు యజమాని పేరో, దొరగారి పేరో ఉంటుంది. గడ పట్టిన వారి పేర్లు ఉండవు. మీ ఊళ్లో రేవు దగ్గరి పాత కుటుంబాలు ఇంకా ఉంటే, ఈ ఫోటోను వారికి ఒకసారి చూపించండి. ముఖాలు గుర్తుపట్టేవారు ఈనాటికీ దొరకవచ్చు, మరో పదేళ్లకు దొరకరు.

కొవ్వూరు వాసి

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. భూతద్దంతో చూశాను. ట్రాము కప్పు మీద వెనుకకు వాలిన కడ్డీ స్పష్టంగా ఉంది, దాని కొన దేనినీ తాకడం లేదు. పైపెచ్చు కొన చుట్టూ ఆకాశం మిగతా భాగం కన్నా తెల్లగా, గీరినట్టు ఉంది. 1905 అన్న మాట ఈ కార్డుకు చెల్లదని ఇంట్లోవారు కూడా అంగీకరించారు.

పంటు ఫోటోలో ఇసుక మేట విశాలంగానే ఉంది. కారు విషయంలో మరి కొన్ని వివరాలు చూడగలిగాను. ముందు దీపాలు రెండూ గుండ్రంగా, పెద్దవిగా ఉన్నాయి, వాటి నుంచి గొట్టాలేవీ బయటకు రాలేదు. ముందు భాగాన అడ్డంగా ఇనుప పట్టీలు ఉన్నాయి. రేడియేటరు పైభాగంలో కోడిగుడ్డు ఆకారంలో చిన్న బిళ్ల, అందులో ఫోర్డ్ అన్న అక్షరాలు చదవగలుగుతున్నాను. దీనివల్ల ఏమైనా తేలుతుందా?

పాత మోటార్ల అభిమాని

చాలా వరకు తేలిపోయింది. గొట్టాలు లేని దీపాలంటే విద్యుత్తు దీపాలు. తొలినాటి కార్లకు నూనె దీపాలో ఎసిటిలీన్ వాయువు దీపాలో ఉండేవి, వాయువు దీపాలకు కారు పక్కన మెట్టు మీద ఒక చిన్న డబ్బా, దాని నుంచి దీపాల దాకా గొట్టం తప్పనిసరి. ముందు అడ్డపట్టీలు, అంటే బంపర్లు, కార్లతోపాటే రావడం 1920ల రెండవ సగంలో అలవాటైంది. అన్నింటికన్నా బలమైన సాక్ష్యం ఆ బిళ్ల. ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 వరకు తయారుచేసిన టి మోడలు కారు రేడియేటరు మీద పేరు అక్షరాలుగానే ఉండేది. కోడిగుడ్డు ఆకారపు బిళ్ల 1928 సంవత్సరపు ఎ మోడలుతో వచ్చింది. కనుక మీ తాతగారి పంటు ఫోటో 1928కి ముందుది కాదు, అంతటి కొత్త కారును సగర్వంగా ఫోటో తీయించుకున్నారంటే 1930ల తొలి సగం దాటి ఉండదని నా అభిప్రాయం. మన దేశంలో అమెరికా కార్లు విరివిగా కనిపించడం మొదలైనదీ ఆ కాలంలోనే. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లను కూర్చే కర్మాగారాన్ని తెరిచింది.

మూడవ ఫోటోకు వస్తే, దాని మీద సందేహానికి తావే లేదు. హైదరాబాదు సంస్థానంలో నిజాం రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలి దళంలోనివి. నంబరులోని జెడ్ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం జ్ఞాపకార్థం పెట్టినదని హైదరాబాదులో తరతరాలుగా చెప్పుకుంటారు. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ బస్సులలోనూ, నేటి తెలంగాణ ఆర్టీసీ బస్సులలోనూ ఆ జెడ్ కొనసాగింది.

వెనుక ఉన్న పీపా మరింత కచ్చితంగా కాలాన్ని చెబుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు కరువు ఏర్పడి, బస్సులను కట్టెబొగ్గు వాయువుతో నడిపారు. మీరు చూస్తున్నది ఆ బొగ్గు కొలిమి. అందులో బొగ్గును చాలినంత గాలి అందకుండా మండిస్తే కార్బన్ మోనాక్సైడు కలిసిన వాయువు వస్తుంది, దానిని చల్లబరచి, వడగట్టి ఇంజనుకు పంపేవారు. బయలుదేరడానికి చాలా ముందే నిప్పు రాజేసి, చేతితో తిప్పే పంకాతో గాలి కొడుతూ కూర్చోవాలి. పెట్రోలుతో వచ్చే బలం దీనితో రాదు కనుక ఎత్తు ఎక్కేటప్పుడు ప్రయాణికులు దిగి నడిచేవారు. కోస్తా జిల్లాల ప్రైవేటు బస్సులు కూడా ఆ రోజులలో ఇలాగే నడిచాయి, బొగ్గు బస్సులన్న పేరు పెద్దవారందరికీ గుర్తే. అందువల్ల మీ మూడవ ఫోటో 1940ల తొలి సగానిది.

అంటే ఈ మూడు ఫోటోల మధ్య దాదాపు మూడు దశాబ్దాల ఎడం ఉండవచ్చు. ఆల్బము అట్ట మీది సంవత్సరం బహుశా ఆల్బములోని మరేదో ఫోటోకు చెందినదై, తరువాత అన్నింటికీ పాకి ఉంటుంది. ఇది చాలా ఇళ్లలో జరిగేదే.

గాజుపలకల గది

ఒక ఛాయాచిత్ర భాండాగారంలో పనిచేసిన అనుభవంతో, భద్రపరచడం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఫోటోలు నల్లని అట్టలకు అంటించి ఉంటే వాటిని పీకే ప్రయత్నం చేయవద్దు, ముఖ్యంగా తడిపి ఊడదీయవద్దు. ఆల్బము పుటను పుటగానే ముందు ఒకసారి స్కాన్ చేయండి, తరువాత ఒక్కొక్క ఫోటోను వేరుగా అంగుళానికి కనీసం 600 చుక్కల సాంద్రతతో స్కాన్ చేసి, కుదింపు లేని టిఫ్ రూపంలో దాచండి. విడిగా ఉన్న వాటి వెనుకవైపును కూడా తప్పక స్కాన్ చేయండి. మీ పోస్టుకార్డు విషయంలో వెనుకనున్న ఒక్క గీత ఎంత పని చేసిందో చూశారు కదా. లామినేషను చేయించవద్దు, అతుకు టేపు అంటించవద్దు. చీకటి భాగాలలో వెండి పూత వంటి మెరుపు కనిపిస్తే అది ఫోటోలోని వెండి పైకి తేలడం వల్ల వచ్చినది, గుడ్డతో తుడిస్తే బొమ్మే పోతుంది. ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, గోడకు ఆనని బీరువాలో ఉంచండి. మన తీరప్రాంతపు తేమే వీటికి పెద్ద శత్రువు.

రాయదలచినది వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి, పెన్నుతో వద్దు. రాసేటప్పుడు తేలిన విషయాన్ని, అది తేలిన కారణాన్ని కలిపి రాయండి. "1913 తరువాత, రిప్పన్ భవనం వల్ల" అని రాస్తే, మీ తరువాతివారు ఆ కారణాన్ని మళ్లీ పరీక్షించుకోగలుగుతారు. పాత రాతను చెరపకండి, 1905 అన్నది తప్పయినా మీ కుటుంబం ఏమి నమ్మిందో చెప్పే ఆధారం అది. కంప్యూటరుతో రంగులు వేయించిన ప్రతిని తయారుచేసుకోవాలనుకుంటే దానికి వేరే పేరు పెట్టి వేరుగా ఉంచండి. అలాంటి ప్రతులే ఒకరి నుంచి ఒకరికి చేరి, కలకత్తా ట్రాము మదరాసు ట్రాముగా, బొంబాయి రెండంతస్తుల ట్రాము మరో ఊరి బండిగా చలామణి అవుతున్నాయి.

కొవ్వూరు వాసి

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు ఎంతగానో రుణపడి ఉన్నాను. పెన్సిలు రాత మొదలుపెట్టాను. పంటు ఫోటో పెద్ద ప్రతిని తీయించి, ఈ ఆదివారం గోష్పాద క్షేత్రం రేవు దగ్గర ఉండే వృద్ధులకు చూపించబోతున్నాను. 1974కు ముందు కొవ్వూరు, రాజమండ్రి రేవులలో తీసిన ఫోటోలు, ముఖ్యంగా స్టీమరు సరంగులు, కళాసీలు, పడవవాళ్లు కనిపించేవి మీలో ఎవరి ఇళ్లలోనైనా ఉంటే, వెనుకవైపుతో సహా స్కాన్ చేసి ఇక్కడే పెట్టవలసిందిగా కోరుతున్నాను. నాకు దొరికిన పేర్లను నేనూ ఇక్కడే చేరుస్తాను.